పన్నెండు నిమిషాలు పట్టిన పాట

నా జీవితంలో అంత చౌకగా గెలిచిన బేరం ఇంకొకటి లేదు. రూపాయి ఖర్చు కాలేదు, షాపు గద్దె మీద నుంచి లేవలేదు, అవతలి మనిషి మొహం చూడాల్సిన పని కూడా పడలేదు. నాలుగు వాక్యాలు రాశాను, ఒక్క అచ్చుతప్పు లేకుండా. ఈ చుట్టుపక్కల మూడు జిల్లాల్లో జాజ్ సంగీతం గురించి నాకన్నా ఎక్కువ తెలిసిన ఏకైక మనిషిని ఆ నాలుగు వాక్యాలతో నోరు మూయించాను. చేయకూడని పనే. కానీ ఎంత బాగా చేశానో ముందు చెప్పుకోనివ్వండి. గద్వాలలో చీరల షాపుల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, సరుకు విప్పి చూపించకుండా తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఆ మనిషి చనిపోయాడని ఈ మధ్య మా ఫోను గ్రూపులో చూశాను. దాని కింద ఆరుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏడోది కోడేరు మెడికల్ షాపాయన ప్రశ్న: "సారుకు షుగర్ ఉండెనా?"

పేరు రాయను. రాస్తే ఎందుకు రాశావని నోటీసు పంపే మనిషి. రాయకపోతే ఎందుకు రాయలేదని ఇంకొకటి పంపేవాడు. గ్రూపులో అందరం పెద్దసారు అనేవాళ్ళం. పెద్దరికం వయసు వల్ల వచ్చింది, మర్యాద వల్ల కాదు.

గ్రూపు సంగతి కొంచెం చెప్పాలి. వనపర్తిలో జువాలజీ చెప్పే లెక్చరర్ ఒకాయన దాన్ని మొదలుపెట్టాడు. జాజ్ ఇష్టపడేవాళ్ళు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలిపి పదకొండు మంది దొరికారు. నేను ఎట్లా చేరానంటే, కరోనా నెలల్లో షాపు షట్టరు దించుకుని లోపల ఖాళీగా కూర్చున్నప్పుడు ఫోనులో ఎవరో అమెరికా ఆయన ఊదిన ట్రంపెట్ విన్నాను. మా ఊరి పెళ్ళి బ్యాండులో ఊదేదీ అదే బాకా. కానీ ఈయన ఊదుతుంటే పెళ్ళికి పిలవని చుట్టం వాకిట్లో నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంది. నాకు నచ్చింది. అంతకు మించి నాకు ఏమీ తెలియదు, ఇప్పటికీ తెలియదు. తెలియని సంగతి బయటపడకుండా మాట్లాడటం మాత్రం షాపు నేర్పింది.

గ్రూపులో అందరం అంతే. అలంపూర్ సభ్యుడి దగ్గర ఒకప్పుడు ప్రపంచంలో ఎక్కడా దొరకని రికార్డులు ఉండేవట. అన్నీ రెండువేల తొమ్మిది వరదలో పోయాయట. ఏ వాదనలో ఓడిపోతున్నా ఆయన వరదలో పోయిన ఒక రికార్డును సాక్ష్యానికి పిలిచేవాడు. తుంగభద్రలోకి దిగి చూసొచ్చేవాడెవడు? ఇక కోడేరు మెడికల్ షాపాయన ప్రతి సంగీతాన్నీ రోగంగా మార్చేవాడు. ఒకసారి, ఒక పియానో విద్వాంసుడు ముసలితనంలో మధ్యమధ్య ఆగి ఆగి వాయించాడు, అది కావాలని చేశాడా, చేతులు వణికాయా అని వాదన నడిచింది.

"వణుకుడంటే బీ ట్వెల్వ్ తక్కువున్నట్టు. పది దినాలు గోలీలు ఏసుకుంటే తగ్గుతది" అని కోడేరు.

"ఆయన పోయి చానా ఏండ్లాయె అన్నా" అని అలంపూర్.

"గదే అంటున్న. అప్పుడే ఏసుకుంటే అయిపోవు."

అక్కణ్ణించి మాట మోకాళ్ళ నొప్పులకు, మోకాళ్ళ నుంచి మెంతులు రాత్రి నానబెట్టాలా పొద్దున నానబెట్టాలా అన్నదానికి, అక్కణ్ణించి గ్యాసు సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందన్నదానికి పోయేది. మూడు రోజుల తర్వాత ఎవరో ఇంకో ట్రంపెట్ ఆయన పాట పెడితే మళ్ళీ మొదలు.

ఇట్లాంటి చోట పెద్దసారు సర్కారు కాగితాల భాషలో రాసేవాడు. కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన మనిషి. చేతిలోంచి ఫైలు పోయినా వేళ్ళలోంచి పోలేదు. ఆ పియానో వాదనకు ఆయన ఇచ్చిన జవాబు నా ఫోనులో ఇంకా ఉంది:

"విషయం: పియానో వాయించువారి చేతుల వణుకు – గురించి. సూచిక: కోడేరు సభ్యుని నిన్నటి మెసేజ్. పై విషయమై సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, అది వణుకు కాదు, విరామము. వినుటకు ఓపిక లేనివారు దీనిని రోగముగా భావించుచున్నారు. ఇట్టి ధోరణి తగదు."

మెంతుల మీద కూడా ఇదే వరస. "విషయం: మెంతులు నానబెట్టుట – గురించి." ఆయన తీర్పు: రాత్రే నానబెట్టవలెను. దానికి కారణాలు ఐదు, నంబర్లు వేసి.

ఆయన సిద్ధాంతం ఒక్కటే, దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి రాసేవాడు. గొప్పవాడు తొందరపడడు. ఆయన దేవుడు ఒక సాక్సఫోన్ ఆయన. తన పాట వెనకాల తనే చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడని పెద్దసారు రాసేవాడు. ఆ సాక్సఫోన్ గొంతు బావిలోంచి వచ్చినట్టు బరువుగా ఉంటుందట. మేము ఫోనులో వినేది అసలు సంగీతం కాదట. కంపెనీలు ఈ కాలం పిల్లలకు అమ్ముకోవడానికి పాటల వేగం పెంచి, గొంతు సన్నం చేసి వదులుతున్నాయట. నిజం వినాలంటే తన ఇంట్లో ఉన్న అమెరికా రికార్డు ప్లేయరు మీద వినాలట.

ఒకరోజు ముందు చెప్పకుండా నా షాపులోకి వచ్చాడు. పొట్టిగా, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"ఏం సేటూ, గుర్తువట్టినవా?"

"ఫొటో ఎన్నడు పెట్టకపోతిరి సార్. ఎట్ల గుర్తువడ్త?"

"నా రాత సదివినంక గూడ మనిషి ఎట్లుంటడో తెల్వకపోతే ఇగ పాట ఏం తెలుస్తది నీకు" అని కూర్చున్నాడు.

ఆయన భార్యకు ఒక చీర కావాలన్నాడు. ఇరవై చీరలు విప్పించాడు. ఒక్కదాన్నీ తాకలేదు. ప్రతి చీరకూ ఒక వాద్యగాడి సంగతి చెప్పాడు. గంటన్నర అయ్యాక ఒక దాని మీద వేలు పెట్టి సగం ధర అడిగాడు. మగ్గం ఖర్చు, పట్టు ఖర్చు చెప్పాను. అన్నీ తలూపి విన్నాడు.

"అదంత బయటోళ్ళకు చెప్పు. జాజ్ ఇనెటోడు జాజ్ ఇనెటోని దగ్గర లాభం ఏసుకుంటడా ఏంది?"

మా నాన్న ముప్పై ఏళ్ళు నాకు బేరం నేర్పాడు. ఏడుపులకు, దేవుడి మీద ఒట్లకు, లేచి మెట్లు దిగిపోవడానికి, అన్నిటికీ జవాబు చెప్పాడు. ఈ మాటకు మాత్రం చెప్పి పోలేదు. కొన్న ధరకే ఇచ్చేశాను. ఆ సాయంత్రం గ్రూపులో చూస్తే: "విషయం: గద్వాల సభ్యుని దుకాణము – గురించి. స్వయముగా తనిఖీ చేయడమైనది. ధరలు ఎక్కువ. సభ్యుడు మర్యాదస్తుడు. సంగీత జ్ఞానము లేదు."

నన్ను అన్నందుకు నాకు పెద్ద కోపం లేదు. నిజమే రాశాడు, ధరల సంగతి తప్ప. లింగాల టీచరమ్మ సంగతి వేరు. ఆవిడ కొత్తగా చేరి, తనకు నచ్చిన ఒక పాట భయపడుతూ పెట్టింది. మెత్తటి పాట, బాగానే ఉంది. పెద్దసారు పదికి మూడు మార్కులు వేసి, ఇది జాజ్ కాదు, పట్నంలో లిఫ్టులలో వేయు పాట అని రాశాడు.

"లింగాలలో లిఫ్టు లేదు సార్. నేను ఇంతవరకు ఎక్కలేదు. నాకు పాటనే తెలుసు" అని రాసి ఆవిడ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. పదకొండు మంది పదిమంది అయ్యాం. ఆవిడను ఉండమని ఒక్కరం అనలేదు. నేనూ అనలేదు. అప్పుడు బేరంలో తలదూర్చడం ఎందుకనుకున్నాను. ఆ తర్వాత మాత్రం, నేను చేసినదానికి ఆవిడ పేరు వాడుకున్నాను.

పెళ్ళి చీరల పని మీద నాగర్‌కర్నూల్ పోయినప్పుడు ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. ఆ ప్రసిద్ధమైన ప్లేయరును చూడాలని, వీలైతే రికార్డులు కొన్ని కొట్టుకురావాలని. తలుపు తీసింది ఆయన భార్య.

"చీరల సేటువా? రా తమ్మీ. లోపల గాడిదను కట్టేసుకొని కూసున్నడు. ఓండ్ర పెడ్తుంది."

"దానికి చెవుల్లేవు సేటూ, దాని మాట ఇడువు" అని లోపలి నుంచి ఆయన.

"ఉండవట్టే కద గీ పరేషాన్" అని ఆమె చాయ్ పెట్టడానికి పోయింది. చాయ్ వచ్చింది, సగం గ్లాసు. మిగతా సగం ఆయన గ్లాసులో ఉంది.

ప్లేయరు గదిలో సగం ఆక్రమించింది. ఏదో ప్రాజెక్టు పవర్‌హౌసు పనికి వచ్చిన అమెరికా ఇంజనీరు తిరిగి పోతూ దాన్ని, ఒక పెట్టెడు రికార్డులను ఈయనకు వదిలేసి పోయాడట. నలభై ఏళ్ళ కిందటి మాట. దాని పక్కన బకెట్టంత ట్రాన్స్‌ఫార్మర్.

"అమెరికా మాలు నూటపదిల నడుస్తది. మన రెండువందల ముప్పై ఇచ్చినవనుకో, బూడిదే. తెల్వనోడైతే మొదటి దినమే కాల్చిపడేస్తుండె. నేను గిన్నేండ్ల సంది నూటపది కంటె ఒక్క పాయింటు ఎక్కనియ్యలే" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎద్దును తట్టినట్టు తట్టాడు. రికార్డును ఒక పట్టుగుడ్డతో తుడిచాడు. జరీ చూస్తే మా గద్వాల నేతే.

"నా లగ్గం చీర అది" అన్నది ఆమె గుమ్మంలోంచి.

"మీ చీరలు గిసొంటి మంచి పనికి వస్తయి సేటూ, గది ఒప్పుకుంట" అన్నాడు ఆయన.

రికార్డు పెట్టేముందు ఒక రూళ్ళ నోటుబుక్కు చూపించాడు. గ్రూపులో పెట్టే ప్రతి మెసేజూ ముందు అందులో చిత్తు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, తర్వాత ఫోనులోకి ఎక్కించేవాడు. అట్లాంటివి పద్నాలుగు నోటుబుక్కులు.

"నలభై ఏండ్లు ఒక్కన్నే ఇన్న సేటూ. ఎవనికి చెప్పాలె? సబ్‌స్టేషన్ల లైన్‌మన్‌ను తోలుకొచ్చి ఇనిపిస్తే, సారు మీ ఇంట్ల ఎవరన్న పోయిండ్రా అని అడిగిండు. గీ గ్రూపు వచ్చినంక మూడేండ్ల సంది పొద్దుగాల లేస్తే నాకు పనున్నది. గది గూడ లేకపోతే నేను ఎవనితోని కొట్లాడాలె, చెప్పు?"

నేను విన్నాను, కానీ ఆ మాటల మీద దృష్టి లేదు. నాలుగూ అయిదుకు వనపర్తి బస్సుంది. అది పోతే మళ్ళీ గంటన్నర. ఆయన సాక్సఫోన్ దేవుడి రికార్డు ఎత్తాడు. అట్ట వెనక చూశాను, పాట పొడవు పది నిమిషాలని అచ్చు వేసి ఉంది. గడియారం చూశాను, మూడూ యాభై. పది నిమిషాలు మర్యాదకు, ఐదు నిమిషాలు ఆటోకు. సరిపోతుంది అనుకున్నాను.

పాట మొదలైంది. నిజం చెప్పాలి, బాగుంది. ఫోనులో వినేదానికంటే బరువుగా, నింపాదిగా ఉంది. ఒక స్వరం తీసి పక్కన పెట్టి, దాన్ని చూసి, తర్వాత ఇంకోటి తీస్తున్నట్టు. పెద్దసారు కళ్ళు మూసుకున్నాడు. ఆ ఒక్క సమయంలో ఆయన మొహం మీద ఎవరినీ తక్కువ చేసే ఆలోచన లేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగైంది. పాట అవలేదు. నాలుగూ ఒకటి. నాలుగూ రెండుకు ఆగింది. ఆటో దిగేసరికి బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది.

స్టాండులో గంటన్నర కూర్చున్నాను. అవతలివాడి కాటా మీద రాయి పెట్టి చూడటం మా ఇంట్లో పుట్టుకతో వస్తుంది. పది నిమిషాల పాట పన్నెండు నిమిషాలు ఎట్లా సాగుతుంది? అదే పాటను ఫోనులో పెట్టి మొత్తం విన్నాను. సరిగ్గా పది నిమిషాలు.

మర్నాడు గద్వాలలో బోరు మోటార్లు చుట్టే మిస్త్రీని అడిగాను.

"అమెరికా మోటరా? ఆడ కరెంటు సెకండుకు అరవై సార్లు ఊగుతది సేటూ, ఈడ యాభైయే. గా మోటరు ఊపును బట్టి తిరుగుతది. ఈడికొస్తే మెల్లగనే తిరుగుతది, ఆరుల ఐదు వంతులు."

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిండు కదా."

"అది వోల్టేజి దించుతది గని ఊపును ఏం జేస్తది? కరెంటాఫీసుల చిన్న పోరన్నడిగినా చెప్తడు."

నవ్వాపుకోలేకపోయాను. కరెంటు డిపార్టుమెంటు మనిషి నలభై ఏళ్ళు వోల్టేజిని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. మోటారు మాత్రం కుంటుతూనే ఉంది. గొప్పవాడు తొందరపడడన్న సిద్ధాంతం, బావిలోంచి వచ్చే గొంతు, పద్నాలుగు నోటుబుక్కులు, అన్నీ ఆ కుంటి మోటారులోంచి వచ్చినవే. అయినా ఎవరికీ చెప్పలేదు. మంచి సరుకు చేతికొచ్చినప్పుడు ధర పలికేదాకా బయటపెట్టను.

పదిహేను రోజులకు ధర పలికింది. లెక్చరర్ అదే సాక్సఫోన్ పాటను గ్రూపులో పెట్టాడు. వేగం పెంచిన నకిలీ అని పెద్దసారు రాశాడు. ఏమీ తెలియనట్టు అడిగాను: "కంపెనీలు ఎందుకు పెంచుతాయి సార్?" గంటలో జవాబు వచ్చింది.

"విషయం: చీరలు కొలుచువారి సంగీత జ్ఞానము – గురించి. వస్త్ర వ్యాపారులు పాట ఎన్ని గజములున్నదో చూచెదరు, ఎంత లోతున్నదో చూడజాలరు. ఆ కళాకారుడు అంత వేగముగా ఎన్నడును వాయించలేదు. నా మాట తప్పని రుజువు చేసినచో ఆ క్షణమే గ్రూపు నుండి వైదొలగెదను. రుజువు చేయలేనిచో గద్వాల సభ్యుడు ఇకపై సంగీతము గురించి రాయరాదు."

లెక్చరర్‌కు ఫోను చేసి సంగతంతా చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

"ఆయనకొక్కనికి ఫోన్ చేసి చెప్పు సేటూ. ఆయనే ఏదో ఒకటి రాసి సర్దుకుంటడు."

"అందరి ముంగట అన్నడు కద. అందరి ముంగటనే చెప్త."

"పెద్దమనిషి. గ్రూపు తప్ప ఇంకోటి లేదు ఆయనకు. పోత అన్నడంటే పోతడు, తెల్సు కద నీకు."

"లింగాల టీచరమ్మ పోలేదా?"

"ఆమె కోసమా నువ్వు రాసేది?" అన్నాడు లెక్చరర్. జువాలజీ వాళ్ళు కోసి చూడటం బాగా నేర్చుకుంటారు. నేను గిరాకీ వచ్చిందని చెప్పి ఫోను పెట్టేశాను. షాపులో ఎవరూ లేరు.

రాసింది ఇది: "సార్, మీ రికార్డు అట్ట మీద ఈ పాట పది నిమిషాలని అచ్చయి ఉంది. మీ ఇంట్లో అది పన్నెండు నిమిషాలు సాగింది, నేను బస్సు పోగొట్టుకుని మరీ లెక్కపెట్టాను. అమెరికా మోటారు మన కరెంటు మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మార్చలేదు. నలభై ఏళ్ళుగా మీరు విన్నది ఆయన తొందరపడకపోవడం కాదు, మీ మోటారు నడవలేకపోవడం."

ఆయన చదివినట్టు ఫోనులో వెంటనే గుర్తు పడింది. ఆ రోజంతా ఆయన ఏమీ రాయలేదు. చిత్తు రాసుకుంటున్నాడని అర్థమైంది. మర్నాడు పొద్దున వచ్చింది.

"విషయం: గ్రూపు నుండి వైదొలగుట – గురించి. సూచిక: గద్వాల సభ్యుని నిన్నటి మెసేజ్. పై సూచికలో తెలిపిన విషయము పరిశీలించడమైనది. సరిగా ఉన్నది. ఇచ్చిన మాట ప్రకారము వైదొలగుచున్నాను. మెంతుల విషయములో నా అభిప్రాయములో మార్పు లేదు."

వెళ్ళిపోయాడు. లెక్చరర్ రెండుసార్లు మళ్ళీ చేర్చాడు. రెండుసార్లూ నిమిషంలో బయటికి పోయాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు గ్రూపులో పెద్ద విద్వాంసుణ్ణి నేనే. ఎవరు ఏ పాట పెట్టినా "సేటూ, ఇదెట్లుంది?" అని అడిగేవాళ్ళు. బాగుందనేవాణ్ణి. అయితే బాగున్నట్టే. ఒక్కడూ కాదనడు. అవతలివాడు నోరు తెరవని బేరం ఎంత చప్పగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నెమ్మదిగా పాటలు తగ్గిపోయాయి. సిలిండర్లు, మోకాళ్ళు మిగిలాయి. మెంతులు పొద్దున నానబెట్టినా ఫరవాలేదని అందరం ఒప్పుకున్నాం.

చనిపోయాడని తెలిశాక పదకొండో రోజు నాగర్‌కర్నూల్ పోయాను. లెక్చరర్ రానన్నాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు ముగ్గురు చుట్టాలు ఉన్నారు. ఆమె నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"దవాఖానల నాలుగు దినాలున్నడు తమ్మీ. నర్సమ్మతోని గూడ కొట్లాడిండు, కాగితంల తారీకు తప్పేసిందని."

ప్లేయరు మీద దుప్పటి కప్పి ఉంది. నేను దాని వైపు చూడటం ఆమె చూసింది.

"గదా? అది బంద్ పెట్టి శానా దినాలాయె. గ్రూపుల ఎవరో రాసిండంట, గది తప్పు తిరుగుతుందని. మర్నాడే మిస్త్రీని పిలిచి బాగు చేయించిండు. లోపల ఏదో చక్రం మార్చిండ్రు. మునుపు జర నిమ్మలంగ ఓండ్ర పెడ్తుండె. బాగు చేయించినంక కుక్కలు ఎంటవడ్డట్టు ఉరుకవట్టె. రెండు దినాలు ఇన్నడు. నేనిన్నది ఇది కాదే అన్నడు. మరి ఎట్లుండెనో గట్లనే చేయించుకోరాదు అన్న. తప్పని తెలిసినంక ఎట్ల ఇంట అన్నడు. మళ్ళ పెట్టలే."

"మరి పొద్దంత ఏం చేసేటోడు అమ్మా?"

"ఏం చేస్తడు. నోటుబుక్కు ముంగటేసుకొని కూసునేటోడు. రాసేటోడు కాదు."

చెప్పకుండా లేచి రావొచ్చు. చెప్పమని ఎవరూ అడగలేదు కూడా. "రాసింది నేనే అమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది.

"నువ్వేనా? సేటు మంచిగ పట్టిండు, లెక్కల తప్పులేదు అన్నడు. యాభై ఏండ్ల కాపురంల ఆయన ఒక మనిషిని మెచ్చుకోంగ నేనిన్నది గదొక్కటే" అని, చాయ్ తెమ్మని లోపలికి కేకేసింది. గ్లాసు నిండా వచ్చింది.

తిరుగు బస్సులో లెక్క వేశాను. ఆయన మంచివాడు కాదు. పోయాడు కదా అని ఆ పద్దు కొట్టేయను. మందిని చిన్నబుచ్చడంలోనే ఆయనకు సుఖం ఉండేది, దానికి సంగీతాన్ని అడ్డం పెట్టుకున్నాడు. నేను రాసిందీ అబద్ధం కాదు, అదీ కొట్టేయను.

కానీ ఐదు నిమిషాల పాట ఆయనకు ఆరు నిమిషాలు వచ్చేది. అంటే గంట వింటే పది నిమిషాలు కొసరు. ఎవరి తూకంలోనూ కోత వేసి తెచ్చుకున్నది కాదు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నలభై ఏళ్ళు అందింది. ఆఖరి ఎనిమిది నెలలు కొసరూ పోయింది, అసలూ పోయింది. అది నా ఖర్చు కింద రాసుకోవాలి.

మరి జమ కింద వచ్చిందేమిటా అని ఫోనులో గ్రూపు తెరిచి, వేలితో పైకి జరుపుకుంటూ పోయి, నేను రాసిన ఆ నాలుగు వాక్యాల దగ్గర ఆగాను. కింద మెచ్చుకుంటూ పెట్టిన బొటనవేళ్ళ బొమ్మలు తొమ్మిది. లెక్చరర్‌ది కూడా ఉంది. సరిగా చెప్పాలంటే ఎనిమిదే. ఒకటి నేనే పెట్టుకున్నాను.